కొండల్‌కు రాని జ్వరాలు

కొండల్‌కు జ్వరం రావడం నేనెన్నడూ చూడలేదు. బెల్లంపల్లి గనిలో బొగ్గు నింపే పనికి చేరి ఆరేళ్లయింది, ఒక్క పూట పడుకున్నవాడు కాదు. అదే గనిలో నేను సర్వేయర్ని. ఎదురైతే చాలు, "ఏం లింగమూర్తీ, తిన్నవా?" అని అడుగుతాడు. ఆ పలకరింపుకే నాకు తిన్నది అరగదు.

1960లో మంచిర్యాలలో మగపిల్లల హైస్కూల్లో ఇద్దరం పదో తరగతి. కొత్తగా వచ్చిన హెడ్మాస్టర్ లక్ష్మీరాజం సార్ బడినంతా నాలుగు హౌజులుగా పంచాడు. గోదావరి, మంజీర, ప్రాణహిత, పెన్‌గంగ. ఆటలకూ మార్కులే, చదువుకూ మార్కులే, హాజరుకూ మార్కులే. ఊరికే బడి ఎగ్గొడితే హౌజుకు ఐదు మార్కులు కోత. ఇంటి నుంచి చిట్టీ తెస్తే కోత లేదు. ఏడాది చివర గెలిచిన హౌజుకు షీల్డు. నేను ప్రాణహిత కెప్టెన్ని. అబ్బో, ఏం టెక్కు నాది! చొక్కాకు పచ్చ రిబ్బను కుట్టించుకుని, పెళ్లికి పోయినా అదే చొక్కా.

కొండల్ మా హౌజే. లెక్కల్లో వాణ్ని మించినవాడు లేడు. కానీ తండ్రి లేడు. వారానికోసారి జరిగే అంగడి నాడు తల్లి బాలవ్వ వెంట కూరగాయల గంపలు మోసుకుపోయేవాడు. వారం వారం ఐదు మార్కులు గోవిందా! నాకు ఒళ్లు మండేది.

"చిట్టీ తేరా బద్మాష్, నీ ఒక్కనితోని హౌజంత మునుగుతది!"

"మా అవ్వకు రాయరాదు. అంగడి సంగతి సార్‌కు తెలిస్తే బందు పెట్టిస్తడు. మేమేం తినాలెరా?"

సరే, వాడితో ఏం పని అని నేనే రాశాను. వాడికి చెప్పలేదు. 'మా కుమారునికి జ్వరము. సెలవు ఇప్పించగలరు.' కింద నా బొటనవేలికే సిరా పూసి బాలవ్వ నిశానీ వేసి, కెప్టెన్ని గనక నేనే సార్‌కు అందించాను. ఆ ఏడాది మొత్తం ఇరవై ఆరు జ్వరాలు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఫిబ్రవరిలో గనుల కంపెనీ వాళ్లు సర్వే శిక్షణకు మా బడి నుంచి ఒక్కణ్ని పంపమన్నారు. అది కొండల్‌కేనని బడంతా అనుకుంది. సార్ ఇద్దరినీ గదిలోకి పిలిచి, చిట్టీల కట్ట విప్పి వాడి ముందు పెట్టాడు.

"గివన్నీ మీ అవ్వ పంపినయేనారా?"

కొండల్ వాటిని చాలాసేపు చూశాడు. "అవును సార్."

"నెలకు మూడు జ్వరాలు! గనిల దిగితే బతుకుతవా బిడ్డా? లింగమూర్తీ, రెండో నంబరు నీదే. నువ్వు పో."

నిజం చెబితే షీల్డు పోతుంది. రిబ్బను పోతుంది. అన్నిటికన్నా, అప్పుడే నా చేతికొచ్చిన సీటు పోతుంది. ఛీ, నా బతుకు! నేను "సరే సార్" అన్నాను.

మార్చిలో షీల్డు మాకే వచ్చింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు కొండల్. బడి అయిపోగానే వాడు బొగ్గు నింపడానికి పోయాడు, నేను శిక్షణకు పోయాను.

మొన్న షిఫ్టు దిగాక, చాయ్ బండి దగ్గర ఇక ఆగలేక చెప్పేశాను. ఆ చిట్టీలు నేనే రాశానన్నాను. నీ కడుపు కొట్టింది నేనేరా అన్నాను. ఏడుపు వచ్చింది.

వాడు చాయ్ తాగడం ఆపలేదు. "ఎరికేరా. సార్ ముంగట పెట్టినప్పుడే ఎరికైంది. నీ దస్తూరి నాకు తెల్వదా?"

"మరి అవునని ఎందుకన్నవ్?"

"కాదంటే మన హౌజు షీల్డు పోతుండె గద. పోరగాళ్లు ఏడాదంత కష్టపడ్డరు. హౌజు కోసం నేను చెప్పలే." గ్లాసు బండి మీద పెట్టి నా దిక్కు తిరిగాడు. "నువ్వెందుకు చెప్పలే?"

నేనూ హౌజు కోసమేరా అనబోయాను. అంత అబద్ధం నోట రాలేదు.