నాన్న మేడ మీద అద్దెకు దిగిన రోజులు

నాచారంలో నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ఇంటికి కష్టకాలం వచ్చింది. తిండికి లోటేమీ రాలేదు. అమ్మ ట్యూషన్లు చెప్పేది, మేడ మీద పోర్షన్ అద్దెకిచ్చేవాళ్లం. నాన్న పొద్దస్తమానం ఇంట్లో ఉండటమే అసలు కష్టం. ఏళ్ల తరబడి షిఫ్టుల్లో బతికిన మనిషి, చేయడానికేమీ లేక వంటింట్లోకి వచ్చి నిలబడేవాడు. చింతపండు ఎంత నానబెట్టాలో అమ్మకు చెప్పేవాడు.

అంతకన్నా పెద్ద బాధ స్కూటర్. రోజూ డ్యూటీకి పోయే వేళకు దాన్ని కడిగి, కిక్కు కొట్టి, నిలబెట్టిన చోటే చాలాసేపు మోగించి ఆపేసేవాడు. ఎక్కడికీ పోయేవాడు కాదు. పొగంతా కిటికీలోంచి వంటింట్లోకి వచ్చేది.

ఒకరోజు నాన్న బస్సెక్కి కీసరగుట్ట గుడికి పోయినప్పుడు అమ్మ ఆ స్కూటర్‌ను ఉప్పల్‌లో ఒక మెకానిక్‌కి ఇచ్చేసింది. సాయంత్రం నాన్న వచ్చి, స్కూటర్ ఉండే చోట నేల మీద నూనె మరకను చూశాడు.

"నన్ను గూడ తీస్కపొమ్మనకపోయినవా వాన్ని?"

"అడిగాను. పాత మోడల్, వద్దన్నాడు" అంది అమ్మ.

నాన్న పరుపు చుట్టి భుజాన వేసుకుని, అప్పుడే ఖాళీ అయిన మేడ మీది పోర్షన్‌లోకి వెళ్లిపోయాడు.

నేను డిగ్రీ చదువుతున్నాను. క్యారియర్ పైకి, మాటలు కిందికి మోయడం నా పనైంది. "పప్పుల ఉప్పు లేదని చెప్పు బిడ్డా మీ అమ్మకు" అనేవాడాయన. "అద్దెకున్నవాళ్లకి అన్నం పెట్టే ఓనర్ని నేనొక్కదాన్నేనని చెప్పవే" అనేది ఈవిడ. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ లేని వారం ఉండేది కాదు. అమ్మది గుంటూరు వైపు, నాన్నది జనగామ. గొడవ అందుకేనని కాలనీ అంతా తేల్చేసింది. ఎదురింటి ఆంటీ నన్ను ఆపి "గలాట యాడిదాక వచ్చింది?" అని మెల్లగా అడిగేది. ఒక స్కూటర్ కోసమని చెప్పడానికి సిగ్గేసేది.

గేటుకు టులెట్ బోర్డు ఉండనే ఉంది. అమ్మ తీయలేదు. ఒక ఆదివారం ఆ బోర్డు చూసి భార్యాభర్తలు వచ్చారు. ఆమె స్కూల్ టీచరు, ఆయనది ఘట్‌కేసర్‌లో ఇంజనీరింగ్ కాలేజీలో పని. ఏమనుకుందో ఏమో, అమ్మ వాళ్లను పైకి తీసుకెళ్లింది. నేనూ వెంట పడ్డాను. నాన్న లుంగీ, బనీనుతో పరుపు మీద పడుకుని పేపరు చదువుతున్నాడు.

"ఈ అంకుల్ ఖాళీ చేస్తున్నారా?" అంది టీచరు.

"చేస్తారు" అంది అమ్మ.

నాన్న పేపరు దించలేదు. "నీళ్ల సంగతి అడగున్రి ముందు. ఓనరమ్మకు బుద్ధి పుడితేనే మోటరు నడుస్తది. ఎండకాలం ఈ స్లాబు మస్తు కాలుతది. ఆమె నోరు దానికన్న ఎక్కువ కాలుతది."

టీచరు భర్త అమ్మను మెట్ల దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు. "మీరు ఫికర్ చెయ్యకున్రమ్మా. మా బామ్మర్ది పోలీసుల ఉన్నడు. గిసుంటోళ్లను మస్తుగ చూసిండు. ఒక్క మాట చెప్తే సామాను రోడ్డు మీద పెడ్తడు."

అమ్మ మొహం మారిపోయింది. "అయ్యో, వద్దండీ. బీపీ ఉన్న మనిషి. పొద్దున మాత్ర వేసుకున్నారో లేదో!"

"కిరాయికున్నోళ్ల మాత్రలు మీకెందుకమ్మా?"

"ఏస్కున్న" అని లోపలినుంచి వినబడింది. ఇన్నాళ్లకు నాన్న అమ్మతో నేరుగా అన్న మొదటి మాట అదే.

"ఏదీ, ఎర్రదా తెల్లదా?"

"తెల్లది."

"తెల్లది రాత్రికి కదండీ!" అని అరుస్తూ అమ్మ లోపలికి పరుగెత్తింది.

భార్యాభర్తలిద్దరూ నా వైపు చూశారు.

"మా నాన్న" అన్నాను.

టీచరు భర్త మెట్ల గోడ పట్టుకున్నాడు. టీచరు చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లెందుకో తడిశాయి. లోపల అమ్మ తిడుతూనే ఉంది. ఆరేసిన బనీన్లనూ, తోమని గిన్నెలనూ, మాసిన దిండునూ ఒక్కోదాన్నీ విడివిడిగా తిడుతోంది. నాన్న బుద్ధిగా వింటున్నాడు.

తిట్టీ తిట్టీ అలిసి అమ్మ కిటికీ పక్కన కూలబడింది. "ఇక్కడ గాలి బాగుందే" అంది.

నాన్న కిందికి రానేలేదు. అమ్మే పైకి వెళ్లింది. మొదట ఒక దిండు, తర్వాత గ్యాస్ పొయ్యి, చివరికి నేనూ, నా పుస్తకాలూ. కింది పోర్షన్‌లో టీచరమ్మ వాళ్లు దిగారు. చేసిన పొరపాటుకు సిగ్గుపడ్డాడేమో, టీచరు భర్తే నాన్నకు తమ కాలేజీ వర్క్‌షాపులో పని ఇప్పించాడు. పిల్లలకు ఇనుము చెక్కే లేతు మిషన్ నేర్పే పని. సాయంత్రం నాన్న చేతులకు నూనెతో, గొంతు బొంగురుపోయి వచ్చేవాడు. అన్నం తిని అలాగే నిద్రపోయేవాడు.

అమ్మ కంచం తీస్తూ ఆయన వైపు చూసి నాతో గొణిగేది. "పొద్దున పోయిన మనిషి. కూర ఎలా ఉందో ఒక్క ముక్క చెప్పొచ్చు కదే!"