సంత రోజున పడిన పరీక్ష

నా చిన్నప్పుడు, తెలుగు సరిహద్దు అవతల హిందీలో చదువులు చెప్పే దోర్నపాల్‌లో మా పక్కింటి అక్క కాలేజీ గడప తొక్కకుండానే బీఏ చదివింది. కాలేజీ ఎక్కడో జగదల్‌పూర్‌లో ఉండేది. వాళ్ల నాన్న పక్షవాతంతో మంచం పట్టాడు. కిరాణా అంగడి వదిలి అక్క వెళితే ఇల్లు గడవదు. అందుకే పుస్తకాలు పోస్టులో తెప్పించుకుంది. అంగడి మూయనంత వరకే చదువు అని ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడన్న మాటే గానీ మొహం మాత్రం విప్పలేదు.

ఎండాకాలం మధ్యాహ్నాలు అంగడి వెనక పంచలో అడవి పల్లెల దోర్ల గిరిజన ఆడవాళ్లు చింతకాయ కొట్టి గింజలు తీసేవారు. అక్కా వాళ్లతో కూర్చునేది. చేతులు ఖాళీ ఉండవు కనుక చరిత్ర పుస్తకం నా ఒళ్లో పెట్టేది. నేను హిందీలో గడగడా చదివితే, దాన్ని తెలుగూ, వాళ్ల దోర్లీ భాషా కలిపి వాళ్లకు చెప్పేది. అది పాఠమని వాళ్లకేం తెలుసు, కథే అనుకునేవారు. యుద్ధం మధ్యలో నేను పుస్తకం మూశానా, వాళ్లలో పెద్దామె కర్ర పట్టుకుని నా మీదికి వచ్చినంత పని చేసేది.

"ఏంది పిల్లా, ఆడ్నే ఆపినవ్? ఆ రాజు మళ్ల ఏమైండు?"

అక్కకు తెలియకపోతే మర్నాటికి తెలుసుకుని చెప్పక తప్పేది కాదు. ఏ కాలేజీలోనూ అంత గట్టి మాస్టారు ఉండి ఉండరు.

చివరి ఏడాది చరిత్ర పరీక్ష సరిగ్గా సంత రోజున, బస్సెక్కి వెళ్లాల్సిన సుక్మాలో పడింది. సంత నాడు అంగడి మూస్తే ఆ వారం బేరమంతా పోయినట్టే. వాళ్ల నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్క పంచలోకి వచ్చి, ఈసారికి వద్దులే అంది. నాకు ఏడుపొచ్చింది.

పెద్దామె కర్ర పక్కన పెట్టింది. "నువ్వు పోరాదు. తూకం మాకు తెల్వదా? వచ్చినంక ఏం రాసినవో మొత్తం చెప్పాలె."

సంత నాడు ఆమె త్రాసు ముందు కూర్చుంది. మిగతావాళ్లు ఉప్పు, నూనె అందించారు. నాకు పొట్లాలు కట్టే పని పడింది. వచ్చినవాళ్లు ముందు నవ్వారు, తర్వాత ఎప్పట్లాగే గీచి గీచి బేరమాడారు. కాసేపటికి లోపలి నుంచి అక్క వాళ్ల నాన్న ధరలు కేకేసి చెప్పడం మొదలుపెట్టాడు.

సాయంత్రం బస్సు దిగిన అక్క, సంచీ భుజాన ఉండగానే పంచలో కూర్చుని మొదటి ప్రశ్న నుంచి చెప్పసాగింది. సగంలో ఉండగా లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది.

"జర గట్టిగ చెప్పు బిడ్డా, నాకు ఇనపడ్తలేదు."

పెళ్లయ్యాక నేనూ కొట్టు నడుపుకుంటూ దూరవిద్యలోనే డిగ్రీ పూర్తిచేశాను. ఇప్పుడు మా మనవరాలు అంగడిలోనే కూర్చుని ఫోన్‌లో క్లాసులు వింటుంది. కాలేజీకి పంపకూడదా అని అడిగేవాళ్లకు ఈ కథే చెబుతాను. ఆ ఆడవాళ్ల రుణం తీర్చుకోవడానికి నేను చేయగలిగింది ఒక్కటే. దాని క్లాసు అయిపోగానే స్టూలు లాక్కుని పక్కన కూర్చుంటాను. ఫోను పక్కన పెట్టి నావైపు తిరిగేదాకా ఊరుకోను.

"ఏంది పిల్లా, ఆడ్నే ఆపినవ్? మళ్ల ఏమైంది?"