తిన్నగా పడ్డ ముద్ర

త్రీ కింగ్స్ అని ఊరికి పేరు పెట్టినవాళ్ళకు బాలయేసును చూడవచ్చిన ముగ్గురు రాజులతో ఏ సంబంధమూ లేదు. కింగ్ అనే ఇంటిపేరున్న ముగ్గురు అన్నదమ్ములు అమెరికాలో దక్షిణ ఇండియానా గుట్టల మధ్య మొక్కజొన్న వేసుకుని, జీవితమంతా కంచెల దగ్గర కొట్లాడుకుని, చివరికి ఒకే శ్మశానంలో పక్కపక్కన పడుకున్నారు. కానీ లోకానికి ఆ సంగతి ఎవరు చెప్తారు? క్రిస్మస్ వస్తోందంటే దేశం నలుమూలల నుంచీ జనం తమ కార్డులను కట్టకట్టి, పెద్ద కవర్లో పెట్టి, ఈ ఊరి పోస్టాఫీసుకు పంపుతారు. ఇక్కడ వాటి మీద మూడు కిరీటాల ముద్ర కొట్టి, ఎవరి కార్డు వాళ్ళకు చేరేలా పంపించాలి. డిసెంబరు ఒకటి నుంచి జనవరి ఆరు, ఆ రాజుల పండగ దాకానే ఆ ముద్ర. ఆరో తారీఖు సాయంత్రం ఐదింటికి అది బీరువాలోకి పోయిందంటే, గవర్నరే వచ్చి అడిగినా మళ్ళీ డిసెంబరు దాకా బయటికి రాదు.

ఆ ముద్ర ముప్పై ఏళ్ళపాటు వెల్డా క్రేబిల్ చేతిలో ఉంది. ఊరంతా ఆమెను పోస్టమ్మ అనే పిలిచేది. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళను స్టాంపులు కావాలా, లేకపోతే వెనకవాళ్ళకు దారి ఇస్తారా అని అడిగేది. డిసెంబరులో చర్చి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు సాయానికి వచ్చి, కవర్ల మీద స్టాంపులున్నాయో లేదో చూసి పేర్చేవారు. ముద్ర మాత్రం ఆమె ఎవరి చేతికీ ఇచ్చేది కాదు.

"మిషన్లో పెడితే గంటలో తేలిపోయే పని, పోస్టమ్మా," అని పల్లెలకు టపా తీసుకెళ్ళే డ్వేన్ ఏటేటా అనేవాడు. "ఈ పదివేలకీ నీ మణికట్టు అరిగిపోద్ది."

"మిషను కొట్టింది కరెంటు బిల్లులా ఉంటదిరా. జనం అంత దూరం నుంచి పంపేది అందుకా?" అనేది వెల్డా.

ఆమె ముద్రకు ఒక పద్ధతి ఉంది. సిరాలో రెండుసార్లు అద్ది, కవరు అంచుకు కిరీటాలు సమంగా ఉండేలా చూసుకుని, దించి, లోపల ఒకటీ రెండూ అనుకుని, ఎత్తేది. పది వేల కార్డుల్లో ఒక్కటి వంకరగా పడినా ఆ రోజు అన్నం సహించేది కాదు. ఇంత చాదస్తం మంచిది కాదని ఊళ్ళో అందరిలాగే నేనూ అనుకునేవాణ్ణి. తర్వాత ఏం జరిగిందో తెలిశాక ఆ మాట అనడానికి కూడా నోరు రాలేదు.

వెల్డా తల్లితో కలిసి ఉండేది. చెల్లెలు మేవిస్ పెళ్ళి చేసుకుని రెండు గంటల దూరంలో ఎవాన్స్‌విల్లో కాపురం పెట్టింది. ఎనభై మూడు డిసెంబరులో తల్లికి జలుబు చేసి ఛాతీలోకి దిగింది. నన్ను రమ్మంటావా అక్కా అని మేవిస్ ఫోన్లో అడిగింది. అక్కర్లేదు, తగ్గుతోంది అంది వెల్డా. ఆమె నిజంగానే అలా అనుకుంది. మర్నాడు తల్లి కూడా, నేనెలాగూ పడుకునేదాన్నే, నువ్వు వెళ్ళు, అక్కడ మూటలు పేరుకుపోయి ఉంటాయి అని తరిమింది. సాయంత్రం ఆరింటికి వెల్డా ఇంటికొచ్చేసరికి తల్లి కుర్చీలోనే చల్లబడిపోయి ఉంది. ఒడిలో దుప్పటి సగం జారి ఉంది.

మట్టి చేసి వచ్చాక, వంటింట్లో, ఎవరో తెచ్చిపెట్టిన పెర్సిమన్ పళ్ళ పుడ్డింగు ముట్టకుండా అలాగే ఉండగా, మేవిస్ అంది: "ఊరూ పేరూ తెలీనోళ్ళ కార్డుల మీద ముద్రలేసుకుంటా కూచున్నావు. అమ్మ చెయ్యి పట్టుకునే దిక్కు లేకుండా పోయింది."

"చుట్టంలా వచ్చావు. చుట్టంలాగే వెళ్ళు," అంది వెల్డా.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? మేవిస్ కోటు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ పూట నుంచి అక్కచెల్లెళ్ళ మధ్య ఫోను లేదు, రాకపోకల్లేవు.

మరుసటి ఏడు డిసెంబరు రెండో వారంలో ఎవాన్స్‌విల్ నుంచి ఒక పెద్ద కవరు వచ్చింది. విప్పితే నలభై ఒక్క కార్డులు, ప్రతి దాని మీదా మేవిస్ గుండ్రటి దస్తూరి. వెల్డా ఆ కట్టను తన ముందుకు లాక్కుంది. సాయం వచ్చిన ఆడవాళ్ళకు కాఫీ ఇచ్చి అవతలి గదిలోకి పంపి, ఒక్కొక్క పేరే చూసింది. తన పేరు లేదు. మళ్ళీ మొదటి నుంచీ చూసింది. లేదు. అన్నిటి కిందా ఉన్న ఆఖరి కవరు మేవిస్ తన పేరుకే రాసుకున్నది.

అందులో వింతేమీ లేదు. ముద్ర దాచుకునేవాళ్ళు వందల మంది అలా తమకు తామే ఒకటి పంపుకుంటారు. వెల్డాకు మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది. ఊరూ పేరూ తెలియనివాళ్ళకు ముద్రలేస్తావు కదా, నేనూ తెలియనిదాన్నే, నాకూ వెయ్యి అని చెల్లెలు దెప్పుతోందని అనుకుంది.

దెప్పితే దెప్పనీ, వంక పెట్టే సందు మాత్రం ఇవ్వకూడదనుకుంది. నలభై ఒక్క కవర్లూ ఒకదాన్ని మించి ఒకటి తిన్నగా కొట్టింది. మేవిస్ పేరున్న దాని మీద ఊపిరి బిగబట్టి మరీ కొట్టింది. మూడు కిరీటాలూ స్కేలు పెట్టి గీసినట్టు పడ్డాయి. కోపంతో అలా చేశాననే ఆమె నమ్మకం. సిరా ఆరాక కూడా ఆ కవరును చేతిలోంచి వదలడానికి చాలాసేపు పట్టింది. దాన్ని కోపం అని ఎలా అంటాం?

అలా ఏటా వచ్చింది ఆ కట్ట. చెల్లెలి సంసారం వెల్డాకు ఆ చిరునామాల్లోనే తెలిసింది. ఒక ఏడు రోజలీ పిన్ని పేరు లేకపోతే పిన్ని పోయిందని తెలిసింది. మేవిస్ కూతురు డార్సీకి ఒక ఏడు కాలేజీ హాస్టలు చిరునామా, నాలుగేళ్ళకు సిన్సినాటిలో ఏదో వీధి, ఆ పైయేడు కొత్త ఇంటిపేరు. పెళ్ళయిందన్నమాట. పెద్దమ్మ ఒక్కతే పోస్టాఫీసులో కూర్చుని ఆ కవరు మీద ముద్ర కొట్టి, ఆ రోజు ఇంటికి వెళ్ళి తల్లి చేసే పద్ధతిలో పెర్సిమన్ పుడ్డింగు చేసుకుని తింది. ప్రతి డిసెంబరులోనూ ఆమెకు కావలసింది ఒక్కటే, ఆ కట్టలో తన పేరు. ప్రతి డిసెంబరులోనూ రెండుసార్లు వెతికేది.

"నువ్వే ఒక ముక్క రాయరాదా?" అని డ్వేన్ ఒకసారి అడిగాడు. ఊళ్ళో ఈ సంగతి తెలిసినవాడు అతనొక్కడే.

"ముందు అన్నది అది. ముందు రాయాల్సిందీ అదే."

"మీ అక్కచెల్లెళ్ళని మా కంచరగాడిద చూస్తే సిగ్గుతో తలొంచుకుంటది, పోస్టమ్మా."

ఇరవై రెండో కట్ట పల్చగా వచ్చింది. పద్నాలుగు కార్డులు. పదమూడింటి మీద దస్తూరి మేవిస్‌ది కాదు. తన పేరుకు రాసుకున్న ఆఖరి దాని మీద మాత్రం ఆమె అక్షరాలే. అవీ ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి ఉన్నాయి. వెల్డా దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంది. 'ఒంట్లో ఎలా ఉందే' అని వెనక ఒక్క ముక్క రాద్దామని పెన్సిలు తీసింది. పరాయివాళ్ళ టపా మీద రాతలు రాయకూడదన్నది ముప్పై ఏళ్ళుగా ఆమే అందరికీ చెప్పిన రూలు. పరాయి అన్న మాట దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. పెన్సిలు లోపల పెట్టేసింది. తను ఇవ్వగలిగింది ఇంకేముందని, కొత్త సిరా పోసి, తన బతుకులో అంతకన్నా బాగా ఎప్పుడూ పడలేదనేంత తిన్నగా ముద్ర కొట్టి పంపింది.

జనవరి ఆరో తారీఖు మధ్యాహ్నం మూడు దాటాక ఒక నడివయసు ఆవిడ చెప్పుల పెట్టె ఒకటి చంకలో పెట్టుకుని లోపలికి వచ్చింది. అచ్చం మేవిస్ నడకే, చూడగానే వెల్డాకు ఎవరో తెలిసిపోయింది.

"పెద్దమ్మా, నేను డార్సీని. అమ్మ పోయింది. పండగెళ్ళిన రెండో రోజు."

వెల్డా కిటికీ మూసి, వెనక గదిలో కుర్చీ చూపించింది. తను మాత్రం కూర్చోలేదు.

"నీకు ఫోన్ చేస్తానంటే వద్దంది," అంది డార్సీ. "నీ ముద్ర పడ్డ కవరు ఇరవై మూడో తారీఖున వచ్చింది. భూతద్దం పెట్టుకుని చూసుకుంది. 'అక్క చెయ్యి ఏం చెదరలేదే' అని నవ్వి, దిండు కింద పెట్టుకుంది. ఇవన్నీ బీరువాలో ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. నేను ఆఖరిది విప్పాను. 'అక్కా' అని ఉంది. అక్కడితో ఆపేసి తీసుకొచ్చా."

పెట్టెలో ఇరవై రెండు కవర్లు, ఏళ్ళ వరసన. ఇరవై రెండింటి మీదా మేవిస్ పేరు, దాని పక్కన స్కేలు పెట్టి గీసినట్టు మూడు కిరీటాలు. వెల్డా కవర్ల కత్తితో మొదటిదాన్ని కోసింది.

'అక్కా, నీ పేరు రాద్దామని మూడు కవర్లు పాడుచేశాను. విప్పకుండా తిప్పి పంపిస్తావేమోనని భయం. అందుకని నా పేరే రాశాను. నీ చేతి మీదుగా వెళ్ళి నాకే వస్తుంది. నా పేరు చూసి నీ చెయ్యి కాస్త వణికినా, ముద్ర కాస్త వంకరగా పడినా చాలు, నీ కోపం తగ్గిందనుకుంటాను. ఆ రోజే కారెక్కి వచ్చేస్తాను.'

రెండోది: 'పోయినేడు గీత గీసినట్టు పడింది. ఇంకా కోపంగానే ఉన్నావు. ఈసారి చూస్తాను.'

మూడోదీ, నాలుగోదీ, ఐదోదీ దాదాపు అవే మాటలు. డార్సీ పెళ్ళి జరిగిన ఏడు రాసిన దానిలో: 'ముందు వరసలో నీకు కుర్చీ వేయించి ఖాళీగా ఉంచాను.' ఇంకొకదానిలో: 'అమ్మ దగ్గర నువ్వు లేవని అన్నాను. నేను మాత్రం ఉన్నానా?' డార్సీ విప్పిన ఆఖరిదాన్ని వెల్డా కళ్ళద్దాలు తుడుచుకుని చదివింది. 'ఈసారీ తిన్నగానే పడుతుంది. పడనీలే అక్కా. నా పేరు మీద నీ చెయ్యి ఒక్క నిమిషం ఆగుతుంది కదా. నాకు పండగంటే అదే.'

తను వెతికిన ఉత్తరం ఏటా వచ్చింది. ఏటా తన చేతిలోనే ఉంది. ఏటా తనే, తన చేత్తోనే, పొమ్మని పంపేసింది. వెల్డా ఆ కవర్లను మళ్ళీ ఏళ్ళ వరసన పేర్చసాగింది.

"నీకేం తెలుసు పెద్దమ్మా," అంది డార్సీ. "లోపల రాసుంటే బయటికి ఎలా తెలుస్తది?"

"దానికి వంక దొరక్కూడదనుకున్నానే," అంది వెల్డా. "మిగతా వాటి మీద చెయ్యి ఎలా పడ్డా, దాని పేరున్న కవరు మీద మాత్రం ఊపిరి బిగబట్టి కొట్టేదాన్ని."

ఐదు కావడానికి పావుగంట ఉంది. ముద్ర ఇంకా బల్ల మీదే ఉంది. వెల్డా తెల్ల కవరొకటి తీసి, దాని మీద మేవిస్ పేరు రాసింది. పక్కన ముద్ర దించింది. తిన్నగా పడింది. ఇంకొక కవరు తీసింది. ఈసారి కావాలని మణికట్టు తిప్పింది. అలవాటుపడ్డ చెయ్యి మధ్యలోనే సర్దుకుంది. అదీ తిన్నగానే పడింది.

"చూశావా?" అంది. "ఈ చేతికి వంకర రాదే డార్సీ. నేను దానికి నేర్పనే లేదు."

మూడో కవరు మీద పేరు రాస్తుండగా ఏడుపు వచ్చింది. తల్లి పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి, ఏడుపు భుజాలను కుదిపేస్తుంటే అలాగే ముద్ర దించింది. సిరా అలుక్కుని, ఒక కిరీటం కవరు అంచు దాటి బల్ల మీద పడింది. డార్సీ లేచి వచ్చి పక్కన నిలబడింది. వెల్డా ఆ కవరును ఆమె వైపు తిప్పి, చిన్నపిల్ల పలక చూపించినట్టు చూపించింది.

"వంకరగా పడిందే," అంది. "ఇంక రమ్మను మీ అమ్మని."

డార్సీ ఆమె చేతిలోంచి ముద్ర మెల్లగా తీసుకుని బీరువాలో పెట్టింది.