మట్టి గుంతకు ఎర్ర టేపు

కరోనా ఆంక్షలు సడలిన మరుసటి ఏడాది, అక్టోబరు మొదటి వారంలో నన్ను రియాద్ ప్రధాన కార్యాలయం నుంచి సైట్‌కు బదిలీ చేశారు. హోదా క్వాలిటీ మేనేజరు. నగరంలో, మలాజ్ పేటలో నా గది అలాగే ఉంచుకుని ఆదివారం పొద్దున్నే బయలుదేరి, గురువారం సాయంత్రానికి తిరిగొచ్చేవాణ్ణి. కారులో రెండు గంటల దూరం. అక్కడ పాత మట్టి ఇళ్ళ పేట ఒకటుంది. దాన్ని ఆనుకుని పెద్ద సాంస్కృతిక కేంద్రం కడుతున్నారు. మ్యూజియం, గ్రంథాలయం, సభామందిరం, వాటి మధ్య విశాలమైన ముంగిళ్ళు. భవనాలు కాంక్రీటువే గానీ ముంగిళ్ళ చుట్టూ గోడలు మాత్రం ఆ ఊరి పద్ధతిలో మట్టితోనే కట్టాలి.

మా కంపెనీ కన్సల్టెంటు. కట్టేవాళ్ళు ఒప్పందం ప్రకారం కడుతున్నారో లేదో యజమాని తరఫున చూడటం మా పని. ఇలాంటి ఉద్యోగంలో ఎవరికైనా స్నేహితులు తక్కువ, నాకు మరీ తక్కువ. కోపం ముక్కు మీదే ఉండేది. సంతకం మాత్రం అంత త్వరగా పడేది కాదు.

మట్టి గోడల విషయంలో ఒప్పందంలో ఒక షరతు ఉంది. ఆ పనిని తరతరాలుగా ఆ ఊళ్ళో ఉంటున్నవాళ్ళ సంస్థకే ఇవ్వాలి. ఎవరి తాతల ఇళ్ళను లోకానికి చూపించడానికి ఈ కేంద్రం కడుతున్నారో, వాళ్ళకు కట్టడంలోనూ వాటా ఉండాలన్నది దాని ఉద్దేశం. ముందుకొచ్చింది ఒకే కుటుంబం. పెద్దాయన అబూ ఫహద్, డెబ్బై దాటిన మేస్త్రీ. పనిచేసేది ఆయనా, ఇద్దరు కొడుకులూ, తమ్ముళ్ళ కొడుకులూ. కూతురు నూరా సంస్థను రిజిస్టరు చేయించి, ఉత్తరాలూ ఫారాలూ తానే చూసుకునేది. ఆ ఊళ్ళో మట్టి గోడ ఎత్తడం తెలిసిన ఇల్లు అదొక్కటే మిగిలింది. వాళ్ళకు చాలా ఏళ్ళుగా పాత గోడల మరమ్మతులే తప్ప కొత్త గోడ కట్టే అవకాశం రాలేదు.

అసలు పనికి ముందు నమూనా గోడ ఒకటి కట్టి, మా ఆమోదం పొందాలి. దానికి గడువు డిసెంబరు పదిహేను. అది దాటితే ప్రధాన కాంట్రాక్టరు వేరే ఏర్పాటు చేసుకోవచ్చని ఒప్పందంలోనే ఇంకో వాక్యం ఉంది. అతని మేనేజరుకు ఆ వేరే ఏర్పాటు మీదే మనసు. జెద్దా ఓడరేవులో దిగే సంచుల మిశ్రమానికి నీళ్ళు కలిపి యంత్రంతో చిమ్మితే పూట తిరక్కుండా మట్టి రంగు గోడ తయారవుతుంది.

ఇక్కడ మా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పాలి. ప్రతి పనికీ ఐటీపీ అనే పట్టిక ఉంటుంది. ఏ దశలో ఏం పరీక్షించాలి, ఎవరు పరీక్షించాలి అన్నది అందులో రాస్తాం. ఒక్కో దశకు ఎదురుగా ఒక అక్షరం ఉంటుంది. డబ్ల్యూ అంటే ఆ మనిషి పక్కన నిలబడి చూస్తే చాలు. హెచ్ అంటే ఆ మనిషి సంతకం పెట్టేదాకా పని ఆగాల్సిందే. మామూలుగా హెచ్‌లన్నీ కన్సల్టెంటువే. మట్టి గోడల ఐటీపీ నేనే తయారుచేశాను. ఒక్క మధ్యాహ్నంలో ముగించానని ఆ రోజు గర్వపడ్డాను కూడా.

నవంబరు రెండో వారంలో ఒక పొద్దున సైట్ వెనక వైపు వెళ్ళాను. అబూ ఫహద్ మనుషులు మూడు వారాల క్రితం గుంత తవ్వి, వాగు మట్టిలో గడ్డి కలిపి నానబెట్టారు. రోజూ ఇద్దరు దిగి కాళ్ళతో తొక్కేవారు. ఆ పొద్దున గుంత దగ్గరికి వెళ్ళేసరికి గుప్పున కంపు కొట్టింది. పైన నల్లటి నురగ. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నమూనా తీయించాను. మట్టిలో సేంద్రియ పదార్థం, దుర్వాసన ఉండకూడదని ఐటీపీలో స్పష్టంగా ఉంది. ల్యాబు రిపోర్టులో సేంద్రియ పదార్థం హద్దు దాటి వచ్చింది. ఆ సాయంత్రమే ఎన్‌సీఆర్ రాశాను. సరుకు గానీ పని గానీ నిబంధనకు సరిపడలేదని అధికారికంగా తేల్చే కాగితం అది. గుంత చుట్టూ ఎర్ర టేపు కట్టించాను. టేపు పడ్డాక ఆ సరుకును ఎవరూ ముట్టుకోకూడదు.

మర్నాడే నూరా ఉత్తరం వచ్చింది. ఈ వాసన కోసమే మేము ఎదురుచూస్తున్నాం, తుది నిర్ణయం మీ ఇష్టం, కనీసం రోజూ తడిపి తొక్కడానికైనా అనుమతించండి అని రాసింది. నాకు ఒళ్ళు మండింది. పాడైన సరుకును సమర్థించుకోవడానికి ఎన్ని రకాల సాకులు వింటామో మా వృత్తిలో ఉన్నవాళ్ళకు తెలుసు. నిర్ణయం వెలువడేదాకా ముట్టుకోరాదని ఒక్క వాక్యంలో జవాబిచ్చాను. అబూ ఫహద్ రోజూ పొద్దున వచ్చి టేపుకు అవతల కాసేపు నిలబడి వెళ్ళిపోయేవాడు. నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. ముసలాయన మొండివాడనుకున్నాను.

పదకొండు రోజులు గడిచాయి. ల్యాబులో మస్తాన్ వలీ అని టెక్నీషియన్ ఉండేవాడు. రాయచోటి దగ్గరి పల్లె అతనిది. ఆ రోజు కాంక్రీటు రిపోర్టుల మీద సంతకాలకు వచ్చి, పని అయ్యాక కూడా కదల్లేదు.

"ఏం సార్, ఆ గుంత ఎండిపోతాంది, చూసినారా?"

"పాడైన మట్టి ఎండితే ఎంత, తడిస్తే ఎంత?" అన్నాను.

"అది పాడైన మట్టి కాదు సార్, మాగిన మట్టి. మా దిక్కు మట్టి మిద్దెలు కట్టేటప్పుడు ఇదే వాసన వస్తాది. గడ్డి కుళ్ళి జిగట దిగల్ల. వాసన రాకుంటే మా తాత ఒక్క తట్ట గూడా గోడ మీదికి ఎత్తనిచ్చేవోడు కాదు."

నాకు చిర్రెత్తింది. ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఎందుకున్నావని అడిగాను.

"నేను ల్యాబోణ్ణి గదా సార్. మీరు ఎంత ఉందని అడిగినారు, రాసిచ్చినా. ఎందుకుందని అడగల్యా."

అతను వెళ్ళాక ఐటీపీ తీసి, ఆ నిబంధన ఎక్కడి నుంచి వచ్చిందో వెతికాను. దొరకడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. రాస్ తనూరా ప్రాజెక్టులో రోడ్ల కింద నింపే మట్టికి నేనే ఎప్పుడో రాసిన వాక్యం అది. మక్కికి మక్కి ఎత్తి ఇక్కడ పెట్టేశాను. రోడ్డు కింద గడ్డి కుళ్ళితే రోడ్డు కుంగుతుంది కాబట్టి అక్కడ ఆ నియమం సరైనదే. ఇక్కడ దాని పై వరుసలోనే, మట్టిలో గడ్డి కలిపి నానబెట్టాలని కూడా నేనే రాశాను. గడ్డి కలపమన్నదీ, కలిపితే తప్పన్నదీ ఒకే పేజీలో, ఒకే సంతకం కింద ఉన్నాయి.

వెంటనే గుంత దగ్గరికి వెళ్ళాను. అబూ ఫహద్, నూరా అక్కడే ఉన్నారు. టేపు నేనే తెంచాను. మట్టి పైన అరచేతి మందాన పెచ్చుకట్టి నెర్రెలు విచ్చింది. పెద్దాయన ఒక పెళ్ళ విరిచి వాసన చూసి, నా చేతిలో పెట్టాడు. ఏ వాసనా లేదు. మళ్ళీ నానబెడితే పనికొస్తుందా అని నూరాను అడిగాను. ఆమె తండ్రితో మాట్లాడి చెప్పింది.

"పనికొస్తుంది ఇంజనీర్. కానీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. కనీసం నాలుగు వారాలు."

గడువుకు మిగిలింది ఇరవై నాలుగు రోజులు. ఆ ఊరివాళ్ళకు ఆ ఊరి గోడ దక్కకుండా చేసింది సంచుల మేనేజరు కాదు, నేను.

మర్నాడు కాంట్రాక్టరు మేనేజరు నన్నూ నూరానూ పిలిచి టీ ఇచ్చి, తన ఆలోచన చెప్పాడు. బోర్డు మీద, కాగితాల మీద కుటుంబం పేరే ఉంటుంది, రావలసిందేదో వాళ్ళకు అందుతుంది, గోడ మాత్రం తన మనుషులు సంచుల మిశ్రమంతో చిమ్ముతారు. ఎన్‌సీఆర్‌ను అపార్థం తొలగిందని రాసి మూసేస్తే ఎవరికీ మచ్చ రాదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకది మంచి దారిలాగే కనిపించింది. నూరా బయటికి వెళ్ళి తండ్రికి ఫోను చేసి వచ్చింది.

"నాన్న ఒప్పుకోవడం లేదు. ఇది నేను కట్టానని మనవలకు చూపించడానికి ఆ గోడ కావాలి, పేరెందుకు అంటున్నారు. వీలు కాదంటే రేపే సామాను తీసుకెళ్ళిపోతాం."

గడువు పొడిగించడానికి ఒప్పందంలో ఒకటే దారి ఉంది. ఆలస్యానికి కన్సల్టెంటు కారణమని రాతపూర్వకంగా రుజువు కావాలి. ఎన్‌సీఆర్ మూసే ఫారంలో 'మూల కారణం' అని ఒక గడి ఉంటుంది. అక్కడ సాధారణంగా కూలీలకు శిక్షణ లేకపోవడం, పర్యవేక్షణ లోపం లాంటివి రాస్తారు. నా ఉద్యోగంలో అలాంటివి వందల కొద్దీ చదివి సంతకం పెట్టాను. కన్సల్టెంటు తప్పని రాసినది ఒక్కటీ చూడలేదు. నా కాంట్రాక్టు ఫిబ్రవరిలో ముగుస్తుంది, ఇకామా, అంటే నివాస అనుమతి, పొడిగింపు కాగితాలు అప్పుడు రియాద్‌లో మా డైరెక్టరు బల్ల మీదే ఉన్నాయి. అది మరిచిపోయానంటే అబద్ధం. చివరికి ఇలా రాశాను: 'ఐటీపీలో సంబంధం లేని నిబంధన చేర్చడం. చేర్చినది క్వాలిటీ మేనేజరు.' కింద సంతకం పెట్టి, పేరు విడిగా కూడా రాశాను.

డైరెక్టరు ఫోనులో పది నిమిషాలు చీవాట్లు పెట్టాడు. కన్సల్టెంటు తన తప్పు తానే రాసిచ్చిన కాగితం ఇంతవరకూ చూడలేదన్నాడు. నేనూ చూడలేదని చెప్పాను. నమూనా గోడకు డిసెంబరు పదిహేను మీద ఇంకో అయిదు వారాల గడువు వచ్చింది.

ఐటీపీ మళ్ళీ రాయాలి. ఈసారి అబూ ఫహద్‌నూ నూరానూ నా గదికి పిలిచి, బల్లకు అటు కాకుండా నా పక్కన కుర్చీలు వేయించాను. మట్టి ఏ దశలో ఎలా ఉండాలో ఆయన చెబుతుంటే, ఆమె ఇంగ్లీషులో చెప్పింది, నేను రాసుకున్నాను. వాసన దశ దగ్గర ఆగాను. వాసనను కొలిచే యంత్రం ల్యాబులో లేదు. అది వచ్చిందో లేదో ఎవరు తేల్చాలి? ఆ దశకు ఎదురుగా అబూ ఫహద్ పేరు రాసి హెచ్ అని పెట్టాను. నా పేరుకు డబ్ల్యూ పెట్టుకున్నాను. పనిచేసేవాడు తన సరుకును తానే ఆపడమేమిటని డైరెక్టరు అడిగాడు. తెలిసినవాడు ఆయనొక్కడే అని జవాబు రాశాను. ఎందుకో మరి, ఆమోదించాడు.

గుంతలో మట్టి మళ్ళీ నానబెట్టారు. ఇక రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్ళడం నా విధి అయింది. పెద్దాయన పిడికెడు మట్టి తీసి వాసన చూసి, నాకందించి, "ముహందిస్?" అనేవాడు. అరబ్బీలో ఇంజనీరని అర్థం. ఇరవయ్యో రోజు నాకు బాగానే కంపు కొట్టి తల ఊపాను. ఆయన నవ్వి కాదన్నాడు. ఇరవై ఆరో రోజున కూడా కాదన్నాడు. మస్తాన్ నా అవస్థ చూసి, "ఇంగా జిగట రాల్యా సార్, వేళ్ళ మధ్యన సాగల్ల," అని తన వంతు పాఠం చెప్పాడు. ముప్పై ఒకటో రోజు అబూ ఫహద్ ఏమీ అడగలేదు. జేబులోంచి పెన్ను తీసి, నూరా చూపించిన చోట తన పేరు మెల్లగా రాశాడు. కింద సాక్షి గడిలో నేను రాశాను.

నమూనా గోడ మొదటి పూత సన్నగా బీటలిచ్చింది. రెండో పూత నిలిచింది. కొత్త గడువుకు రెండు రోజుల ముందు ఆమోదం పడింది. ముంగిళ్ళ గోడలన్నీ ఆ కుటుంబమే కట్టింది. అవి పూర్తయ్యేనాటికి నేను అక్కడ లేను. ఫిబ్రవరిలో నా కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉద్యోగం ముగించుకుని దేశం విడిచి వెళ్ళేవాళ్ళకిచ్చే ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద కాకినాడ వచ్చేశాను. కొంత బాధపడ్డాను, ఆ గడిలో రాసినదానికి మాత్రం ఒక్క రోజూ పడలేదు.

ఇప్పుడు కుర్ర ఇంజనీర్లు అప్పుడప్పుడు ఫోను చేసి, మంచి ఐటీపీ ఒకటి ఉంటే పంపమని అడుగుతారు. పాత ఫైళ్ళు నా దగ్గర చాలా ఉన్నాయి, అయినా పంపను. హెచ్ అని రాసే ముందు ఆ పని చేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఎందుకని అడగమంటాను. అది నేర్చుకోవడానికి నాకు ఉద్యోగంలో ఆఖరి ఏడాది దాకా పట్టింది. దాని ఖరీదు ఇంకొకరి పదకొండు రోజులు.