అద్దంలోంచి తీసుకున్న ముక్కు

ఆ రోజు మండవల్లిలో అమ్మమ్మ ఇంటి ముందు గదిలో ఉన్నవాళ్ళు: అమ్మమ్మ, అమ్మ, నాన్న, పాస్టరు గారు, చర్చి నుంచి వచ్చిన పదకొండు మంది, నేను. ఉన్న వస్తువులు: అద్దెకు తెచ్చిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, దాని మీద తెల్ల దుప్పటి, రెండు కుండీల్లో ప్లాస్టిక్ గులాబీలు, ఫ్రేము కట్టించిన ఒక బొమ్మ. బొమ్మ కింద మావయ్య పేరు, జననం, మహిమ ప్రవేశం అని రెండు తేదీలు. ఆ బొమ్మ వేసింది నేను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు, పాలిటెక్నిక్ మూడో సంవత్సరం.

మావయ్య అంటే అమ్మ తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. కొల్లేటికోట వైపు చేపల చెరువుల మీద పని చేసేవాడు. చేపల మేతకి తవుడు సంచులు కట్టడానికి వెళ్ళిన పడవ తిరగబడి పోయాడు. రోజున్నర తరవాత దొరికాడు. పెట్టె మూసే తెచ్చారు. మా వాళ్ళలో పెట్టె చుట్టూ నిలబడి చివరి ఫొటో తీయించుకుంటారు. అప్పుడూ తీయించుకున్నాం. అందులో మేమందరం ఉన్నాం, మధ్యలో మూత ఉంది.

ఏడాది తిరిగి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకునేసరికి బల్ల మీద పెట్టడానికి ఫొటో లేదని తెలిసింది. ఫోను ఆయనతోపాటే నీళ్ళలో పోయింది. పెళ్ళి ఆల్బములన్నీ వెతికితే మూడు ఫొటోలు దొరికాయి. ఒకదాంట్లో సాంబారు బకెట్టు పట్టుకుని, ఒకదాంట్లో కుర్చీలు మోస్తూ, ఒకదాంట్లో పందిరి గుంజ కడుతూ. మూడింట్లోనూ వీపే. నాన్న ఆధార్ కార్డు కాపీ తీయించి ఏలూరులో స్టూడియోకి తీసుకెళ్ళాడు. స్టూడియో ఆయన దాన్ని పెద్దది చేసి చూసి, "ఇది మీ బావమరిదే అని మీరంటే ఔనంటానండీ. కాదన్నా ఔనంటాను," అన్నాడు.

అప్పుడు అమ్మమ్మ నా వైపు తిరిగింది. "ఎప్పుడు చూసినా బొమ్మలేసుకుంటా ఉంటావుగా. మీ మావయ్యని వెయ్యరా. వాడిదేమన్నా కష్టమైన మొహమా?"

నా పద్ధతి నాకుంది. ముందు పట్టిక రాసుకున్నాను. కనుబొమలు: అమ్మవి. చెవులు, నుదురు: అమ్మమ్మవి. మీసం, నవ్వితే పడే గీతలు: గుర్తున్నవి. ముక్కు ఎదురుగా గడి ఖాళీగా ఉండిపోయింది. ఆయన చేతులు గుర్తున్నాయి, భుజం మీద తువ్వాలు గుర్తుంది, ముక్కు మాత్రం ఎంత ఆలోచించినా రాలేదు. పాలిటెక్నిక్‌లో డ్రాయింగు మాస్టారు మొదటి రోజే చెప్పారు: "కొలత తెలియని చోట ఊహించి గీత గియ్యకు. ఖాళీ వదిలెయ్, వెళ్ళి అడుగు." కూడిక రెండు రోజుల్లో ఉంది. ఎవర్నీ అడగలేదు. అద్దం ముందు కూర్చుని నా ముక్కు వేశాను.

కూడిక రోజు పాస్టరు గారు బొమ్మ మీద కప్పిన గుడ్డ తీయగానే అమ్మ ముందుకు వంగింది. "ముక్కు దగ్గర..." అని ఏదో మొదలుపెట్టింది. ఈలోగా అమ్మమ్మ, "వాడే! వాడేనమ్మా!" అని ఫ్రేముని రెండు చేతులా పట్టుకుంది. అమ్మ మాట అక్కడితో ఆగిపోయింది.

ఇప్పటికి తొమ్మిదేళ్ళు. అమ్మమ్మ రోజూ పొద్దున్న పమిట చెంగుతో ఫ్రేము తుడిచి, ఆ రోజు ఏం కూర వండుతోందో దానికి చెబుతుంది. నేను వెళ్ళినప్పుడల్లా నా గడ్డం పట్టుకుని, "ముక్కు మాత్రం మేనమామదే వచ్చింది, అచ్చం," అంటుంది. చుట్టాలందరూ చూసి ఔనంటారు. ఒకసారి అమ్మని అడిగాను, ఆ రోజు ముక్కు గురించి ఏమనబోయావని. "నేనేమన్నానురా? ఏమీ అన్లేదే," అంది. అబద్ధం కాదు. ఆమెకి నిజంగా గుర్తు లేదు. అది విన్న రోజు నుంచీ నేను మీసం పెంచలేదు.

డిప్లమా అయ్యాక తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు యంత్రాలు తయారుచేసే చోట డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. ఏలూరు నుంచి రోజూ పాసింజరులో వెళ్ళి రావడం. ఆ రైల్లోనే నా కామిక్స్ మొదలయ్యాయి. వెళ్ళేటప్పుడు పేజీకి అగ్గిపెట్టెంత నమూనా, వచ్చేటప్పుడు మాటలు, ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇంకు. చెరువుల మీద పనిచేసే ఒక మనిషి కథ. ఎవరని ఇంట్లో ఎవరూ అడగలేదు. హైదరాబాదులో ఒక ప్రచురణ సంస్థకి ఇరవై పేజీలు పంపితే, మొత్తం పూర్తి చేసి పంపమన్నారు. పుస్తకం వస్తే ఉద్యోగం మానేసి ఇదే పనిగా పెట్టుకుందామని అనుకున్నాను. రాజీనామా ఫోనులో టైపు చేసి పెట్టుకున్నాను.

అన్నీ వేశాను. మావయ్య మొహం మాత్రం వెయ్యలేకపోయాను.

ఈ వేసవిలో కైకలూరు దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో చెరువు గట్టు మీదకి వెళ్ళాను. మావయ్యతోపాటు పనిచేసిన ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. ఫోనులో గోడ మీది బొమ్మ చూపించాను. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"మీరేగా బాబూ. మీసమెందుకు పెట్టారు?"

"మా మావయ్యండీ."

ఆయన నవ్వాడు. తరవాత నవ్వలేదు. "మీ మావయ్య ముక్కు ఇటేపుకి ఒంగుంటదండీ. చిన్నప్పుడు పడవ తోస్తంటే నా చేతిలో గెడే తగిలింది. నెల్లాళ్ళు నాతో మాట్లాళ్ళేదు. 'పెళ్ళి కాకపోతే నీదే పూచీ' అనేవోడు."

స్కెచ్ పుస్తకం తీశాను. ఆయన చెబుతుంటే గట్టు మీదే కూర్చుని వేశాను. ఇంకొంచెం ఒంపు. అంత కాదు. కన్ను కిందకి. రబ్బరు పెట్టి పదకొండుసార్లు చెరిపాను. పన్నెండోసారి ఆయన, "ఇంకేం ముట్టుకోకండి," అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను కాగితం కేసి చూశాను. మధ్యాహ్నం, చుట్టూ తెల్లగా మెరిసే నీళ్ళు. కాగితం మీది మనిషి నాకు తెలియదు. ఎంతసేపు చూసినా తెలియలేదు.

తిరుగు దారిలో మండవల్లిలో దిగాను. అమ్మ అక్కడే ఉంది. అమ్మమ్మ కాగితం దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఎవర్రా ఈయన? చెరువు కాడ మనిషా? పాపం, ముక్కేంటి అలా ఉంది?"

అమ్మ చాలాసేపు చూసింది. నోరు తెరిచింది. తరవాత, "మీ అమ్మమ్మకి టీ పెట్టాలి," అని లోపలికి వెళ్ళింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మొహం లేకుండానే పేజీలన్నీ పూర్తి చేసి పంపాను. పోయిన నెల హైదరాబాదు నుంచి ఎడిటరు గారు ఫోను చేశారు. "చాలా బాగుందండీ. కానీ అన్ని పేజీల్లోనూ వీపేనా? అట్ట మీద ఒక్క మొహం వేసివ్వండి, ప్రెస్సుకి పంపించేద్దాం."

"రెండు మొహాలున్నాయండీ."

"ఏది బాగుంటే అది వెయ్యండి."

మొదటిది వేస్తే, ఉన్న ఒక్క సాక్షి చూసి అది నేనంటాడు. రెండోది వేస్తే, అమ్మమ్మ తన కొడుకు పుస్తకం మీద ఎవరో పరాయి మనిషిని చూస్తుంది. నాకు తెలిసిన మూడో ముక్కు లేదు. మాస్టారు చెప్పినట్టు ఖాళీ వదిలేసి పంపాను. మొహం లేకుండా అచ్చు వెయ్యలేమని రాశారు. రాజీనామా చెరిపేశాను. పొద్దున్న పాసింజరుకి వెళ్తున్నాను.

పుస్తకం నా దగ్గరే ఉంది. పేజీలు అరవై నాలుగు. ప్యానెళ్ళు మూడు వందల పన్నెండు. మావయ్య ఉన్నవి నూట నలభై ఒకటి. మొహం ఉన్నవి సున్నా.