బ్లేడుతో తెచ్చుకున్న పాస్‌పోర్టు

ఆ రోజుల్లో మా కోరుట్లలో పేపర్లో ఫోటో పడాలంటే ముందు వరసలో కూర్చోవాలి, ముందు వరసలో కూర్చోవాలంటే పొద్దున్నే పోవాలి. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న కాలం. నేను కిర్గిజ్‌స్తాన్‌లో వైద్యం చదువుతూ, రెండో ఏడాది ముగించుకుని సెలవులకు వచ్చినవాణ్ణి. పొద్దున్నే పోవడానికి నాకేం అడ్డు? రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు అందరికంటే ముందు పోయి కూర్చున్నాను. మర్నాడు జిల్లా పేజీలో నేను! చేతిలో విస్తరాకు, నోట్లో బగార అన్నం ముద్ద, వెనకాల పోలీసులు. (నినాదం ఇచ్చేటప్పుడు తీయమని ఫోటోగ్రాఫరును బతిమాలాను. అతను అన్నం వచ్చేదాకా ఆగాడు.)

ఆ సెలవుల్లో నా అసలు పని వేరే. హాస్టల్లో పైపు పగిలి, పెట్టె తడిసి, నా పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పేజీ అప్పడంలా ఉబ్బిపోయింది. దాన్ని మార్చుకుంటే తప్ప వీసా పొడిగించేది లేదన్నారు. వీసా లేకపోతే మూడో ఏడాది లేదు, దుబాయి ఎండల్లో పనిచేస్తూ మా నాయన చదివిస్తున్న చదువూ లేదు. బస్టాండు ఎదుట పాస్‌పోర్టు ఫారాలు నింపే భాయ్ ఒకాయన ఉండేవాడు. ఫారం నేనే నింపగలను. పాస్‌పోర్టు చట్టాన్ని గ్రంథాలయంలో మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా చదివినవాణ్ణి. కానీ చదివానని చెప్పుకోవడానికి ఒకరు కావాలి కదా. పనిలోపనిగా పేపర్లో పడ్డ నా ఫోటో కూడా చూపించాను.

భాయ్ కళ్ళద్దాలు పైకి తోశాడు. "అరె మియా, దిమాగ్ ఉన్నదా నీకు? ఇంక్వయిరీకి పోలీసాయన ఇంటికస్తడు. గీ ఫోటో సూసిండనుకో, రోడ్డు బంద్ పెట్టినోడని రాస్తడు. ఖతం. పాస్‌పోర్ట్ రాదు, వీసా రాదు. ఈడనే సూదులేస్కుంట బతుకు."

చట్టంలో కోర్టు కేసుల సంగతే ఉంది, బగార అన్నం సంగతి ఎక్కడా లేదని నాకు తెలుసు. తెలిసినా భాయ్ మాటే నమ్మాను. ఇళ్ళలో పేపర్లు వారం తిరిగేసరికి పొట్లాలవుతాయి, నిలిచి ఉండేవి గ్రంథాలయాల్లోనే అని లెక్కవేసి, జేబులో బ్లేడు పెట్టుకుని బయలుదేరాను. మొదట కోరుట్ల. అక్కడి గోడమీద 'పుటలు చింపువాడు విద్యాద్రోహి' అనే బోర్డు వేలాడుతోంది. పదో తరగతిలో ఉన్నప్పుడు అందంగా రాసి ఇచ్చింది నేనే. దానికి వీపు తిప్పి కూర్చుని నా ఫోటో కోశాను. తరువాత జగిత్యాల, అక్కడ పెద్ద పోలీసాఫీసు ఉంది కాబట్టి. ఆ తరువాత సిరిసిల్ల, ఎందుకంటే పాత పాస్‌పోర్టులో ఉన్నది మా మేనత్త ఇంటి చిరునామా.

సిరిసిల్లలో ఆ పేపరు ఒక పెద్దాయన చేతిలో ఉంది. మరమగ్గం పనివాడు, జుట్టునిండా నూలు పీచు. గంటసేపు ఎదురుచూసి, "అయిపోయిందా పెద్దనాయనా?" అన్నాను.

"ఆగు కొడుకా, టెండరు నోటీసులు గూడ సదువనియ్యి. కరెంటు పోయింది, నాకేం తొందర?" అని, నన్నొకసారి, పేపరునొకసారి చూశాడు. "గీ బగార తినేటోడు అచ్చం నీ లెక్కనే ఉన్నడు."

"నేను కాదు" అన్నాను. ఆయన నమ్మలేదుగాని, పేపరు ఇచ్చాడు.

ఫారం అంతకుముందే పంపాను. సిరిసిల్ల నుంచి వచ్చిన నాలుగో రోజు కానిస్టేబుల్ గారు విచారణకు మా ఇంటికి వచ్చారు. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి చాయ్ ఇచ్చింది. ఆయన నా పేరు, చదువు అడిగి, కాగితాలన్నీ చూసి, సంతకం పెట్టడానికి పెన్ను తీసి ఆగారు.

"లైబ్రరీకి బాగ పోతవంట?"

"గాడు ఆడనే పెరిగిండు సారూ" అంది అమ్మ. "ఎవలన్న పేజి మడత పెట్టినా ఊకోడు."

"అయితె నాకో పని జేసి పెట్టు తమ్మీ. బడి మైదానంల పరుగుపందెం పెడితె మా బిడ్డకు కప్పు అచ్చింది, పేపర్ల ఫోటో ఏసిండ్రు. ఆ పొద్దు నేను బందోబస్తుల ఉంటి. పందెం సూడలే, పేపరు గూడ సూడలే. ఈడ లైబ్రరీల అడిగితే ఎవడో కోస్కపోయిండు. జగిత్యాలకు పోయిన, ఆడ గూడ గంతే. ఏం జేస్కుంటడో బద్మాష్‌గాడు!"

లోపలికి పోయి నిఘంటువు తెరిచాను. మూడు ముక్కలూ అందులోనే దాచి ఉంచాను. మొదటిసారి వాటిని వెనక్కి తిప్పాను. రెండు జడల పిల్ల, తనకంటే పెద్ద కప్పు పట్టుకుని నవ్వుతోంది. ఊరుకుంటే నిమిషంలో సంతకం అయిపోతుంది. ఇస్తే నా నేరం నా చేత్తోనే ఇచ్చినట్టు. కానీ అవతల అమ్మ ఇంకా చెబుతూనే ఉంది, పుస్తకాలకు నేను అట్టలెంత బాగా వేస్తానో. ఆ మాటలు వింటూ దాచుకోవడం నావల్ల కాలేదు. మూడూ తెచ్చి, ఏది ఏ ఊరిదో చెప్పి ఆయన ముందు పెట్టాను.

ఆయన వేళ్ళు ప్యాంటుకు తుడుచుకుని ఒకటి అందుకున్నారు. చాలాసేపు చూశారు. తరువాత వెనక్కి తిప్పారు.

"గీడ నీ ఎన్క లాఠీ పట్కొని నిలవడ్డదెవరు, సూసినవా?"

అప్పుడు చూశాను. ఆయనే. అన్నిసార్లు ఆ ఫోటో చూసుకున్నానుగాని, నా ముఖం దాటి చూపు పోతే కదా!

"రొండోసారి గూడ అన్నం ఏపిచ్చుకున్నవ్ గదా" అన్నారు. "నేను గూడ తిన్న, లాస్టుకు. ఉప్పు తక్కువుండె."

"మరి రిపోర్టు సార్?"

"రాస్త. సిరిసిల్లది నేనుంచుకుంట. ముందు గా రెండు తీస్కపోయి ఎక్కడియక్కడ అతికిచ్చి రా. రెండు దిక్కుల కనవడాలె."

కోరుట్ల లైబ్రరీ సారు నా కథంతా విన్నారు. బంక సీసా నా ముందు పెట్టి, గోడమీది బోర్డు దించి దుమ్ము తుడిచి మళ్ళీ తగిలించారు. తిట్టినా బాగుండేది.

పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది, చదువూ అయిపోయింది. ఇప్పుడు ఊరికి పోయినప్పుడల్లా ఆ ఏటి పేపర్ల కట్ట అడిగి తీయించుకుంటాను. బంక పూసిన అంచులు ముదురు పసుపురంగుకు తిరిగాయి. ముద్ద నోట్లో పెట్టుకుని లోకమంతా తననే చూస్తోందనుకునే ఆ కుర్రవాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. వాడి వెనకాల నిలబడ్డాయన మాత్రం వాణ్ణి చూడటం లేదు. మెడ తిప్పి బడి మైదానం వైపు చూస్తున్నాడు. నేను మెల్లగా పేజీ తిప్పుతాను.