స్టీలు గ్లాసు పట్టుకున్న చెయ్యి

ఏళ్ల తరబడి ఒక మనిషిని తప్పించుకు తిరుగుతున్నాను. గోదావరిఖని బజారులో ఆయన కనిపిస్తే పక్క సందులోకి మళ్లిపోతాను. విసిగిపోయాను. మీరు నన్ను ఓదార్చొద్దు. ఊరికే వినండి.

మాది ఆ పక్కనే జ్యోతినగర్. నాన్న ఇంజనీరు, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. బయోమెడికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుగా నేనొక కృత్రిమ చెయ్యి తయారుచేశాను. ముంజేతి కండరం బిగిస్తే పుట్టే సన్నని విద్యుత్తును చర్మం మీది సెన్సారు పసిగట్టాలి, ప్లాస్టిక్ వేళ్లు మూసుకోవాలి. తొడిగి చూడటానికి ఏసుదాసు గారు ఒప్పుకున్నారు. గనిలో బొగ్గు మోసే బెల్టులో పడి ఆయన కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది.

ప్రదర్శన రోజు సెన్సారు పనిచెయ్యలేదు. ఆ మాట చెప్పేయొచ్చు కదా? చెప్పలేదు. బహుమతి మీద కన్ను. చున్నీ కింద చిన్న రిమోట్ దాచుకున్నాను. వేదిక మీద ఆయన పళ్లు బిగపట్టి, లేని పిడికిలి బిగించారు. నేను మీట నొక్కాను. వేళ్లు స్టీలు గ్లాసు చుట్టూ మూసుకున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు, ఆయన ఏడ్చారు. నాకు ఒళ్లు మండింది. అంతగా నమ్మమని ఈయనకు ఎవరు చెప్పారు?

మళ్లీ గనిలో నీళ్లు తోడే పంపు డ్యూటీకి పోతానని తెలిసినవాళ్లందరికీ చెప్పుకున్నారట. ఇంట్లో అలవాటు చేసుకుంటానంటే కాదనలేక చెయ్యి ఇచ్చాను. కొన్నాళ్లకు తువ్వాలలో చుట్టి వెనక్కి తెచ్చారు. ముంజెయ్యి కమిలిపోయి ఉంది.

“ముడుచుకుంటలేదు బిడ్డా. పొద్దుమాపు బిగిస్తనే ఉన్న. గా దినం ఎట్ల ముడుచుకున్నదో ఏందో.”

“మీ నరాలు బలహీనపడ్డాయి అంకుల్,” అన్నాను.

“గట్లనే అనుకున్న. నువ్వు మంచిగనే చేసిచ్చినవు, నాతోనే కాలే. ఏమనుకోకు బిడ్డా.”

“పర్లేదులెండి.”

అవును, ఆయన నన్ను క్షమించమన్నారు, నేను క్షమించేశాను. రిమోట్ నొక్కడం ఒక ఎత్తు, ఆ ‘పర్లేదులెండి’ ఒక్కటే ఒక ఎత్తు. ఇప్పటికీ బజారులో ఎడమ చెయ్యెత్తి పలకరిస్తారు, పక్కవాళ్లతో ‘మా ఇంజనీరు బిడ్డ’ అంటారు. ఆ మంచితనం చూస్తే నాకు అసహ్యం. అసహ్యం ఆయన మీదేనా, లేక ఆయన ముందు నిలబడలేని నా మీదా అని ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. రెండూ అనే తేలింది.

ఆ బహుమతి చూపించే ఉద్యోగం తెచ్చుకున్నాను. నిజంగా పనిచేసే చేతులు తయారుచేసే చోటే ఉన్నాను. ఒకటి ఆయనకు ఇప్పించడం నాకు పెద్ద పని కాదు. కానీ తొడిగిన రోజే, ఆయన బిగించగానే, ఆ వేళ్లు మూసుకుంటాయి. అప్పుడు ఆయనకు అంతా తెలిసిపోతుంది. అందుకే ఇప్పించలేదు.

ఆయన నరాలు బాగానే ఉన్నాయి. ఈ మాట ఇన్నాళ్లూ పైకి అనలేదు. అన్నాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఆయనకు మాత్రం ఇంకా చెప్పలేదు.